పాత ఫోన్ మార్చాలి: శాంసంగా, వేరే ఆండ్రాయిడా, సెకండ్ హ్యాండ్ ఐఫోనా? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

పలకబలపం, నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఇల్లు నల్లగొండలో, బడి దేవరకొండ వైపు ఒక తండాలో. రానూ పోనూ రోజుకు మూడు గంటలు బస్సులోనే గడుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న ఫోన్‌ను ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇక అవడం లేదు. ఆండ్రాయిడ్ 12 దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత అప్‌డేట్ అన్నదే లేదు. పొద్దున బడిలో ముఖం చూపించి హాజరు వేయాలి కదా, ఆ యాప్ తెరుచుకోవడానికే నిమిషం దాటుతుంది. తెరుచుకునేసరికి సిగ్నల్ పోతుంది. పోయిన వారం మూడు రోజులు చింతచెట్టు కిందికి వెళ్లి ఫోన్ పైకి పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్న భోజనం వేళకే చార్జింగ్ ఇరవై శాతానికి వస్తుంది.

పాతిక వేలు అనుకున్నాను. తప్పదంటే ఇంకో మూడు వేలు వేసుకుంటాను. ఇంట్లో మాత్రం తలా ఒక మాట. మా ఆయనకు శాంసంగ్ తప్ప ఇంకోటి ఆనదు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి అదే డబ్బుకు వివో, రియల్‌మీ, పోకో లాంటివి చూడమంటాడు, బ్యాటరీ పెద్దది, చార్జింగ్ తొందరగా అవుతుందని. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు "సెకండ్ హ్యాండ్ ఐఫోన్ తీసుకో అక్కా, అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు.

నాకు గేమ్స్ అక్కర్లేదు. హాజరు యాప్, వాట్సాప్, బ్యాంకు, పిల్లల ఫొటోలు, వీడియో పాఠాలు, అంతే. మళ్లీ అయిదారేళ్లు మార్చకుండా ఉండాలి. మన దగ్గర వాడుతున్నవాళ్లు చెప్తే ధైర్యంగా ఉంటుంది. యూట్యూబ్‌లో చూస్తే ఒకరు మంచిదన్నదాన్ని ఇంకొకరు చెత్త అంటున్నారు.

గడియారం సెంటర్, నల్లగొండ

మేడమ్, మీ అబ్బాయి మాట వినండి. మీ బడ్జెట్‌లో శాంసంగ్ తీసుకుంటే ఎక్కువ మోడళ్లలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 25 వాట్ల చార్జింగ్. చార్జర్ డబ్బాలో ఉండదు, అది వేరే కొనాలి. అదే ధరకు మిగతా కంపెనీల్లో 6000, 7000 ఎంఏహెచ్ దొరుకుతున్నాయి. చాలావాటికి ఫాస్ట్ చార్జర్ డబ్బాలోనే పెట్టి ఇస్తున్నారు. సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వచ్చాక ఫోన్ లావు కాకుండానే చార్జ్ ఎక్కువ పడుతుంది. రోజూ మూడు గంటలు బస్సులో ఉండేవాళ్లకు బ్యాటరీ కంటే ముఖ్యమైనది ఏముంటుంది? ప్రాసెసర్ కూడా అదే డబ్బుకు వేరే కంపెనీలోనే మెరుగ్గా దొరుకుతుంది. పేరు చూసి డబ్బు పెట్టకండి.

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

టీచరమ్మా, నాది న్యూటౌన్‌లో రిపేర్ షాపు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. రోజూ అన్ని కంపెనీల ఫోన్లూ విప్పుతాను కాబట్టి నాకు ఏ కంపెనీ మీదా ప్రేమ లేదు, కోపం లేదు.

బ్రాండ్ అని ఆలోచిస్తే దారి తప్పుతారు. ప్రతి కంపెనీ పది వేల ఫోనూ చేస్తుంది, లక్ష ఫోనూ చేస్తుంది. రెండింటి మీదా పేరు ఒకటే ఉంటుంది కానీ లోపల సరుకు వేరు. పైగా మీ అబ్బాయి చెప్పిన కంపెనీల చుట్టరికం చూడండి. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. ఐకూ అంటే వివో వాళ్లదే. పోకో, రెడ్‌మీ షావోమీవి. మోటోరోలా 2014 నుంచి లెనోవో చేతిలో ఉంది. పేర్లు పది కనిపిస్తాయి, ఇళ్లు మాత్రం మూడు నాలుగే.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మూడు రకాలు. పగిలిన కాంబో, పోయిన చార్జింగ్ పిన్, ఉబ్బిన బ్యాటరీ. కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి ఉండే భాగం. ఎల్‌సీడీ అయితే చవకలో అయిపోతుంది. అమోలెడ్ ఒరిజినల్ వేయాలంటే ఫోన్ ధరలో మూడో వంతు దాకా పోతుంది. అంచులు వంగిన కర్వ్‌డ్ డిస్‌ప్లే అయితే ఇంకా ఎక్కువ, దానికి టెంపర్డ్ గ్లాస్ కూడా సరిగా కూర్చోదు. ఆ వంపు చూడ్డానికి బాగుంటుంది. బస్సెక్కి దిగే మనిషికి అది వద్దే వద్దు. చదునుగా ఉన్న డిస్‌ప్లే తీసుకోండి.

మీ పాత ఫోన్ నెమ్మదైంది వయసు వల్ల ఒక్కటే కాదు. 2020లో తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా ఈఎంఎంసీ స్టోరేజ్ పెట్టేవాళ్లు. అది నిండేకొద్దీ ఫోన్ మొద్దుబారుతుంది. ఇప్పుడు కొనేటప్పుడు యూఎఫ్‌ఎస్ (దానికంటే వేగమైన స్టోరేజ్ రకం) అని ఉందా అని చూడండి. "8 ప్లస్ 8, పదహారు జీబీ ర్యామ్" అని అంటించిన స్టిక్కర్‌ను నమ్మవద్దు. రెండో ఎనిమిది స్టోరేజ్‌లోంచి అప్పు తెచ్చుకున్నది, నిజమైన ర్యామ్ కాదు. నిజంగా 8 జీబీ ఉంటే మీకు చాలు.

ఇక సర్వీస్ సెంటర్. కంపెనీ సైట్‌లోకి వెళ్లి మీ పిన్‌కోడ్ 508001 కొట్టి చూడండి. నల్లగొండ అడ్రస్ వస్తే ఆ కంపెనీకి ఒక మార్కు ఎక్కువ వేయండి. హైదరాబాద్ అడ్రస్ వస్తే ఫోన్ చెడిన రోజున మీకు ఒక సెలవు, వంద కిలోమీటర్ల ప్రయాణం. ఒక్కోసారి రెండు సార్లు, ఇచ్చి రావడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఇంకోసారి.

గడియారం సెంటర్, నల్లగొండ

అన్నా, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. ఈఎంఎంసీ సంగతి నిజమే, నా మొదటి ఫోన్ అలాగే అయింది. కానీ చెడిపోతుందని ముందే అనుకుని సర్వీస్ సెంటర్ చూసి కొనడం నాకు నచ్చదు. నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా సర్వీస్ సెంటర్ మెట్లెక్కలేదు.

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

తమ్మీ, నువ్వు జాగ్రత్తగా వాడావు, సంతోషం. టీచరమ్మ ఫోన్ పిల్లల చేతుల్లోకి పోతుంది, బస్సులో జారుతుంది, వానలో తడుస్తుంది. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

నల్లమల బాట, అచ్చంపేట

అక్కా, మీరు సిగ్నల్ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు అసలు విషయం అదే అనిపిస్తోంది. మన్ననూరు దాటి అడవిలో తిరిగే ఉద్యోగం నాది. సిగ్నల్ కోసం చెట్టు కింద నిలబడటం ఏమిటో నాకు బాగా తెలుసు.

5జీ అని డబ్బా మీద రాసినంత మాత్రాన మీ తండాలో 5జీ రాదు. ఏ బ్యాండ్లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీలు, పనిచేస్తాయో చూడాలి. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కొన్నది జియో ఒక్కటే. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. ఫోన్ వివరాల్లో దాన్ని ఎన్28 అని రాస్తారు. పట్నంలో వేగం ఇచ్చేది 3300 మెగాహెర్ట్జ్, అంటే ఎన్78. అది వేగంగా ఉంటుంది కానీ ఎక్కువ దూరం రాదు. జియో 5జీ స్టాండ్‌అలోన్ (ఎస్‌ఏ) పద్ధతిలో, అంటే 4జీ మీద ఆధారపడకుండా నడుస్తుంది కాబట్టి ఆ సిమ్ వాడేవాళ్లు ఫోన్‌లో ఎస్‌ఏ అని ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీ మీద ఆధారపడే ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ కూడా 700లో వస్తుంది కనుక 4జీ బ్యాండ్లలో బీ28 ఉంటే మంచిది.

ఇప్పుడొచ్చే ఫోన్లలో చాలావాటికి ఇవన్నీ ఉంటాయి. చవక 5జీ ఫోన్లలో మాత్రం ఒకటి రెండు బ్యాండ్లు కోసేస్తారు. కొనే ముందు ఒక పని చేయండి. బడిలో మీ తోటి టీచర్ల ఫోన్లు చూడండి. ఎవరి సిమ్‌కి తరగతి గదిలో ఎన్ని గీతలు వస్తున్నాయో కాగితం మీద రాసుకోండి. లోపం ఫోన్‌దా, సిమ్‌దా అనేది అప్పుడే తెలుస్తుంది.

పలకబలపం, నల్లగొండ

నల్లమల బాట గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఇన్నాళ్లూ ఫోన్‌నే తిట్టుకుంటున్నాను. సోమవారం చూసి చెప్తాను. పాలమూరు రిపేర్ అన్నా, మీరు రాసినదంతా నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

ఐఫోన్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తాను. రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఐఫోన్ 13 మూడేళ్లుగా వాడుతున్నాను. ఇప్పటికీ కొన్న రోజు ఎలా ఉందో అలాగే నడుస్తుంది, మళ్లీ కొన్నా అదే కొంటాను. కానీ మీ తమ్ముడు చెప్పిన సెకండ్ హ్యాండ్ విషయంలో తొందరపడకండి.

ఏ మోడల్ అన్నది చాలా ముఖ్యం. ఐఫోన్ 11లో 5జీ లేదు, 5జీ మొదలైంది 2020లో వచ్చిన 12తోనే. 2025లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 వచ్చినప్పుడు ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ మోడళ్లను పక్కన పెట్టేశారు. 2018లో కొన్నవాళ్లకు ఏడేళ్లు వచ్చినట్టు. కొన్నవాళ్లకు అది మంచి లెక్కే, కానీ అయిదేళ్లు వాడేసిన ఫోన్ కొన్నవాళ్లకు ఆ ఏడులో మిగిలేది రెండే. వాట్సాప్ కూడా 2025 మే నుంచి ఐఓఎస్ 15.1 కంటే పాత ఫోన్లలో ఆగిపోయింది.

బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. ఎనభై శాతం లోపు ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. మార్చేసిన స్క్రీన్, మార్చేసిన బ్యాటరీ ఉంటే కొత్త మోడళ్లలో అబౌట్ పేజీలో చూపిస్తుంది. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొంటే బిల్లు తప్పకుండా అడగండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర ఎంత చవకైనా వద్దు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. తెలుగు చదవాలన్నా రాయాలన్నా మనవాళ్లు ఎక్కువ మంది ఆండ్రాయిడ్‌కే అలవాటు పడ్డారు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లో తెలుగు "జ్ఞా" అక్షరం మెసేజ్‌గా వస్తే యాప్ మూతపడిపోయేది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అది ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు ఆ భయం లేదు. మీరు టీచర్ కదా, గుర్తొచ్చి రాశాను.

పలకబలపం, నల్లగొండ

"జ్ఞానం" అని రాస్తే ఫోన్ ఆగిపోవడమా! పిల్లలకు జ్ఞా గుణింతం నేర్పేటప్పుడు తప్పకుండా చెప్తాను.

దొంగ ఫోన్ల భయం ఒకటి ఉంది. మా బంధువుల్లో ఒకరు రైల్వే స్టేషన్ దగ్గర ఎవరి చేతిలోనో చవకగా కొని, తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారు.

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

ఆ భయం సరైనదే అమ్మా. ఏ పాత ఫోన్ అయినా చేతికి తీసుకోగానే డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి, ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, ఐఎంఈఐ, వస్తుంది. ఇంగ్లీషులో KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ కొట్టి 14422కి మెసేజ్ చేస్తే ఆ ఫోన్ వివరం చెప్తుంది. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో కూడా చూడొచ్చు. 2023 మే నుంచి పోయిన ఫోన్లను దేశమంతటా అందులోనే బ్లాక్ చేస్తున్నారు. బ్లాక్ అయిన ఫోన్‌లో ఏ సిమ్ పెట్టినా నెట్‌వర్క్ రాదు. మీరు కొత్తది కొన్నాక కూడా ఆ రెండు ఐఎంఈఐ నంబర్లు, బిల్లు ఫొటో తీసి ఇంకొకరి ఫోన్‌లో దాచిపెట్టండి. ఫోన్ పోయిన రోజు అవే కావాలి. మా షాపుకి వచ్చి ఏడ్చేవాళ్లలో పది మందిలో తొమ్మిది మంది దగ్గర ఆ నంబర్ ఉండదు.

ఎడమకాల్వ, హాలియా

ఎండ గురించి నేను రాస్తాను. వరి, బత్తాయి చేస్తాం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే కదా. యాపిల్ వాళ్లే తమ ఫోన్ చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడు వాడమని రాశారు. 35 డిగ్రీలంటే మనకు మార్చి మొదట్లోనే దాటుతుంది! లిథియం బ్యాటరీకి ఎండే పెద్ద శత్రువు, అది ఏ కంపెనీ అయినా అంతే.

నా కిందటి ఫోన్ బైక్ హ్యాండిల్ మీద హోల్డర్‌లో పెట్టుకుని రెండు వేసవులు తిరిగాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. కంపెనీ తప్పు కాదు, నేను చేసిన పని. ఇప్పుడు జేబులోనే పెడతాను, చార్జింగ్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెడతాను. ఎండలో నిలబడి స్క్రీన్ కనబడాలంటే షాపులో కాదు, షాపు బయటికి తీసుకొచ్చి ఎండలో చూడండి. లోపల ఏసీ గదిలో అన్ని స్క్రీన్లూ అందంగానే ఉంటాయి. మోటార్ దగ్గర మీటర్ ఫొటో తీసి పంపాలన్నా, పురుగు పట్టిన ఆకు ఫొటో వ్యవసాయ అధికారికి పంపాలన్నా వెలుతురు చాలని స్క్రీన్‌తో చాలా తిప్పలు.

జోగులాంబ నీడ, అలంపూర్

నాకొక మాట చెప్పాలని ఉంది. చైనా ఫోన్లు కొనకూడదని నేను నిర్ణయించుకున్నాను, అది నా మనసుకు సంబంధించినది. మీరూ ఆలోచించండి టీచర్ గారూ.

గడియారం సెంటర్, నల్లగొండ

మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను సార్. కానీ ఇక్కడ అమ్మే ఫోన్లు ఏ కంపెనీవైనా చాలావరకు మన దేశంలోనే బిగిస్తున్నారు. వివో గ్రేటర్ నోయిడాలో చేస్తుంది, శాంసంగ్ నోయిడాలో 2018లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచింది. మన దగ్గరే కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ వాళ్లు యాపిల్ ఇయర్‌ఫోన్లు చేస్తున్నారు. ఆ పనిలో మన జిల్లాల పిల్లలు కూడా ఉన్నారు.

జోగులాంబ నీడ, అలంపూర్

బిగించడం వేరు తమ్ముడూ, లాభం ఎక్కడికి పోతుందన్నది వేరు. లావా లాంటి మన కంపెనీలు కూడా ఉన్నాయని గుర్తు చేయడమే నా ఉద్దేశం. గొడవ పడను.

అసలు నేను రాయాలనుకున్నది ఇంకొకటి. నా ఫోన్‌కి వారంటీలో ఉండగానే అప్‌డేట్ చేశాక స్క్రీన్ మీద పచ్చ గీత వచ్చింది. ఏ కంపెనీ అన్నది రాయను. సర్వీస్ సెంటర్‌లో కింద పడేశారని రాసి డబ్బు కట్టమన్నారు. ఫోన్ కింద పడనే లేదు, పైన ఒక్క గాటు కూడా లేదు. రెండు వారాలు తిరిగి విసిగి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. పన్నెండు రోజుల్లో స్క్రీన్ ఉచితంగా మార్చారు. అప్పుడు నన్ను కాపాడినవి రెండు. ఒకటి జీఎస్‌టీ బిల్లు, రెండోది సర్వీస్ సెంటర్‌లో ఫోన్ ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా తీసి పెట్టుకున్న వీడియో. ఈ వీడియో సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. ఇస్తున్నప్పుడే, వాళ్ల కౌంటర్ మీదే తీయాలి.

పానగల్లు, నల్లగొండ

బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. అమ్మా, వాయిదాల మీద కొనాలనుకుంటే ఒక్క విషయం. నో కాస్ట్ ఈఎంఐ అంటారు కదా, క్రెడిట్ కార్డు మీద అయితే వడ్డీ ఉంటుంది, ఆ వడ్డీ అంత తగ్గింపు ముందే ఇచ్చినట్టు చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో షాపులో అడగండి, ఆ తేడా చూస్తే మీకే తెలుస్తుంది.

2025 సెప్టెంబర్‌లో జీఎస్‌టీ మారింది కదా, ఫోన్లు తగ్గాయా అని మా పక్కింటివాళ్లు అడిగారు. తగ్గలేదు. పెద్ద టీవీలు 28 నుంచి 18కి వచ్చాయి, ఫోన్లు 2020 ఏప్రిల్ నుంచి 18లోనే ఉన్నాయి.

ఇంకొకటి. సెక్యూరిటీ అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకోవడం తలుపుకి గడియ లేని ఇంట్లో బీరువా పెట్టడమే. మీరు ఆండ్రాయిడ్ 12 అన్నారు చూడండి, నాకు అన్నిటికంటే అదే టెన్షన్ పెట్టింది. ఫోన్ రేపు కొన్నా ఎల్లుండి కొన్నా, ఈలోపు ఎవరో పంపిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైల్) మాత్రం నొక్కకండి. ఏదైనా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

సార్ చెప్పింది నిజం. అప్‌డేట్ల మాట వచ్చింది కాబట్టి, కొనే ముందు ఆ మోడల్‌కి ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో చూడండి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో ఏడేళ్లు అంది. శాంసంగ్ 2024లో ఎస్24కి ఏడేళ్లు అంది, తర్వాత ఏ16 5జీ లాంటి చవక ఫోన్‌కి కూడా ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ ఇస్తామంది. మిగతా కంపెనీల్లో మోడల్‌ని బట్టి మారుతుంది, మీ బడ్జెట్‌లో చాలావాటికి ఇంత కాలం ఉండదు.

గడియారం సెంటర్, నల్లగొండ

ఆరేళ్ల అప్‌డేట్ ఇస్తారు సరే అన్నా, ఆ ప్రాసెసర్ ఆరో ఏడు మోయగలదా? బండి ఇంజిన్ చిన్నది పెట్టి ఆరేళ్లు పెట్రోల్ ఉచితం అన్నట్టుంది.

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

మంచి ప్రశ్న తమ్మీ. అందుకే నిజమైన 8 జీబీ ర్యామ్ ఉన్నది చూడమన్నాను. గేమ్స్ ఆడే నీకు నాలుగో ఏటికే అది చాలదు, నువ్వు చెప్పింది నీ విషయంలో కరెక్ట్. నువ్వు రెండేళ్లకోసారి మారుస్తావు, నీకు ప్రాసెసర్ ముందు. టీచరమ్మకు ఆరో ఏట కూడా హాజరు యాప్, బ్యాంకు యాప్ తెరుచుకోవాలి. నెమ్మదిగానైనా తెరుచుకుంటే చాలు. అసలే తెరుచుకోకపోతే కష్టం.

పలకబలపం, నల్లగొండ

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

సోమవారం బడిలో నల్లమల బాట గారు చెప్పినట్టే చూశాను. మేము నలుగురం టీచర్లం, మూడు కంపెనీల సిమ్‌లు. తరగతి గదిలో కూర్చుని అందరం ఒకేసారి చూసుకున్నాం. నా సిమ్‌కి ఒక గీత, అదీ వచ్చి పోతోంది. ఇంకో సిమ్ ఉన్న మేడమ్‌కి మూడు గీతలు, ఆమె ఫోన్ నాకంటే పాతది! నా సిమ్ తీసి ఆమె ఫోన్‌లో వేస్తే అక్కడా ఒక గీతే. టవర్ గుట్ట అవతల ఉందని తండాలో ఒక పెద్దాయన చెప్పాడు. అంటే పాతిక వేలు పెట్టి కొత్త ఫోన్ కొన్నా చింతచెట్టు కిందికి వెళ్లక తప్పేది కాదు. ఆ సాయంత్రమే రెండో సిమ్ తీసుకున్నాను.

శనివారం మా ఆయన, మా అబ్బాయి, నేను ముగ్గురం షాపుకి వెళ్లాం. అంతకు ముందే 508001 కొట్టి మూడు కంపెనీలు చూసిపెట్టుకున్నాను. రెండు సిమ్‌లు వాడాలి కాబట్టి కొత్త చిక్కు వచ్చింది. నేను చూసిన ఫోన్‌లో రెండో సిమ్ పెట్టే చోటే మెమరీ కార్డు పెట్టాలి. రెండూ కుదరవు. అందుకని 128 కాకుండా 256 జీబీది చూడాల్సి వచ్చింది. ఫోన్లు బయటికి తీసుకెళ్లి ఎండలో చూస్తామంటే షాపు అబ్బాయి మొదట వద్దన్నాడు, తర్వాత తనే వెంట వచ్చాడు. ఎండలో ఒకటి పక్కన ఒకటి పెడితే తేడా తెలిసిపోయింది.

చివరికి శాంసంగ్ ఏ సిరీస్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీది తీసుకున్నాను. నీళ్లు, దుమ్ము తట్టుకునే ఐపీ67 ఉంది, డిస్‌ప్లే చదునుగానే ఉంది, ఆరేళ్ల అప్‌డేట్లు. ఒకేసారి కడితే తగ్గించారు, చార్జర్, గ్లాస్ కలిపి 28 వేల లోపే అయింది. మా అబ్బాయి ఇంకా బ్యాటరీ చిన్నదనే అంటున్నాడు. వాడు చెప్పిందీ తప్పు కాదు, వాడి కాలేజీ ఫోన్ కొనేటప్పుడు వాడి లెక్క ప్రకారమే కొంటాం. తమ్ముడికి ఐఫోన్ 11 చూపించాడట ఒకాయన, 5జీ లేదని మిల్లు లెక్కలు గారు రాసింది చదివి వినిపించాను.

ఈ వారం అయిదు రోజులూ హాజరు తరగతి గదిలోనే పడింది. సాయంత్రం బస్సు దిగేసరికి చార్జింగ్ నలభై శాతం ఉంటోంది.

ఎడమకాల్వ, హాలియా

మంచి పని చేశారు టీచర్ గారూ. ఎండలో చూశారని చదివి సంతోషమైంది.

పానగల్లు, నల్లగొండ

పాత ఫోన్ ఏం చేశారమ్మా? ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చారా? ఇచ్చి ఉంటే గూగుల్ అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే ఇచ్చారా?

పలకబలపం, నల్లగొండ

ఎక్స్‌చేంజ్‌లో పదిహేను వందలు ఇస్తామన్నారు సార్, ఇవ్వలేదు. బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, రీసెట్ చేసి, సిమ్ లేకుండా బడికి తీసుకెళ్లాను. వీడియో పాఠాలు ఇంటి దగ్గరే దించి అందులో పెడుతున్నాను. మూడో తరగతి పిల్లలు మధ్యాహ్నం దాని చుట్టూ కూర్చుని ఎక్కాల పాట వింటున్నారు. పాలమూరు రిపేర్ అన్నా, దాని బ్యాటరీ మార్పిస్తే ఇంకో రెండేళ్లు వస్తుందా? ఒరిజినల్ దొరుకుతుందా, ఎంతవుతుంది?

పాలమూరు రిపేర్, మహబూబ్‌నగర్

వస్తుందమ్మా. వెనక మూత లేవలేదు కదా? లేచి ఉంటే మాత్రం ఈ రోజే పిల్లల దగ్గర నుంచి తీసేయండి. మూత బాగానే ఉంటే సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్ చూసి ఇక్కడ రాయండి, కంపెనీ బ్యాటరీ ఉందో లేదో కనుక్కుని రేపు పొద్దున షాపు తెరవగానే చెప్తాను.